థర్మోకోల్ రెక్కలు, గట్టి నమ్మకాలు: ఫోమ్ విమానాలపై అపోహలు - వాస్తవాలు

ఇంట్లో రేడియో కంట్రోల్ విమానం తయారు చేయాలనుకునేవారు నన్ను మొదట అడిగేది ‘ఏ మోటారు కొనాలి?’ అని. నేను తిరిగి అడిగేది ‘గ్రాముల్లో తూచే త్రాసు ఉందా?’ అని. సాధారణంగా ఉండదు. మోటారు, రిమోట్, బ్యాటరీ, సర్వోలు (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) అన్నీ కొరియర్‌లో వచ్చేస్తాయి కానీ మూడు నాలుగు వందలకు దొరికే వంటింటి త్రాసు మాత్రం ఎవరూ తెప్పించుకోరు. ఈ హాబీలో తిరిగే అపోహల్లో సగం ఆ త్రాసు లేకపోవడం వల్లే పుట్టాయని నా అభిప్రాయం. మిగతా సగానికి బాధ్యత వీడియోలది.

అపోహ: ఫోమ్ ఎలాగూ తేలికే, ఏ షీటు తెచ్చినా ఒకటే

స్టేషనరీ దుకాణానికి వెళ్లి ఫోమ్ షీటు కావాలంటే మూడు వేర్వేరు సరుకుల్లో ఏదో ఒకటి చేతిలో పెడతారు. గింజలు గింజలుగా ఉండే థర్మోకోల్ ఒకటి, రెండు వైపులా కాగితం అతికించిన ఫోమ్ బోర్డు మరొకటి, దుకాణాల ప్రకటనలకు వాడే సన్‌బోర్డు ఇంకొకటి. మూడూ తెల్లగానే ఉంటాయి, మూడూ చేతికి తేలికగానే అనిపిస్తాయి. ప్యాకింగ్ థర్మోకోల్ ఘనపు మీటరుకు 15 నుంచి 20 కిలోలు తూగుతుంది. హాబీ దుకాణాల్లో డెప్రాన్ పేరుతో అమ్మే నున్నటి షీటు 35 నుంచి 40 కిలోలు ఉంటుంది. ఇది యూరప్‌లో గోడలకు, నేలకు వేడి దాటకుండా వేసే పొరగా పుట్టిన సరుకు. సన్‌బోర్డు అసలు ఈ కుటుంబానికి చెందినదే కాదు. అది పీవీసీ, 500 కిలోలు దాటుతుంది.

ఇది రెక్క మీదకు వస్తే ఏమవుతుందో చూడండి. మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్కను 6 మిల్లీమీటర్ల డెప్రాన్‌తో కోస్తే 50 గ్రాముల లోపే తూగుతుంది. అదే రెక్కను 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డుతో కోస్తే అర కిలో. అంత పరిమాణం ఉన్న శిక్షణ విమానం మోటారు, బ్యాటరీ, సర్వోలతో కలిపి మొత్తం అర కిలోలో ముగియాలి. ఇక్కడ ఉత్త రెక్కే ఆ బరువును మింగేసింది. అయినా కాలేజీ ప్రాజెక్టుల్లో ప్రతి ఏడాదీ సన్‌బోర్డు విమానాలు కనిపిస్తూనే ఉంటాయి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, అంచులు చక్కగా తెగుతాయి, నేల మీద బాగా పరుగెడతాయి.

అమెరికా ప్లాన్లను యథాతథంగా దించుకునేవారికి కూడా ఒక మాట. అక్కడి ఉచిత ప్లాన్లలో చాలా వాటిని డాలర్ దుకాణాల్లో దొరికే పలుచని కాగితపు బోర్డును దృష్టిలో పెట్టుకుని గీశారు. 20 అంగుళాలకు 30 అంగుళాల షీటు దాదాపు 115 గ్రాములు ఉంటుంది. బొమ్మలు అతికించడానికి ఆర్ట్ దుకాణాల్లో అమ్మే బోర్డు కాగితం మందం కాబట్టి అంతకంటే బరువు. కోయక ముందు ఒక షీటును తూచండి. తేడా ఎక్కువగా ఉంటే ఒక వైపు కాగితాన్ని తడిపి ఒలిచేయవచ్చు, లేదా ప్లాన్‌నే కాస్త పెద్దది చేసుకోవచ్చు.

ఈపీపీ అని ఇంకో రకం ఉంది. కార్ల బంపర్ల లోపల దెబ్బను పీల్చుకోవడానికి వాడేది ఇదే. నేలకు కొట్టినా విరగదు, వంగి మళ్లీ లేస్తుంది. అయితే రెక్కగా ఒంటరిగా నిలబడదు. కార్బన్ కడ్డీ ఆసరా లేకపోతే గాలిలో ఆకులా అల్లాడుతుంది.

అపోహ: బరువెక్కితే పెద్ద మోటారు పెడితే సరిపోతుంది

నేను ఎక్కువగా వాదించేది ఈ అపోహతోనే. మోటారు విమానాన్ని ముందుకు లాగుతుంది, మోసేది మాత్రం రెక్క. పైన చెప్పిన రెక్క వైశాల్యం 20 చదరపు డెసిమీటర్లు. విమానం మొత్తం 500 గ్రాములైతే ఒక్కో చదరపు డెసిమీటరు మీద 25 గ్రాముల భారం పడుతుంది. ఆ విమానం గంటకు సుమారు 23 కిలోమీటర్ల దాకా వేగం తగ్గినా గాలిలో నిలుస్తుంది, అంతకంటే తగ్గితే స్టాల్ అవుతుంది, అంటే రెక్క మోసే బలం కోల్పోయి విమానం పడిపోతుంది. అదే విమానం కిలో బరువుంటే ఆ హద్దు 32 కిలోమీటర్లు దాటుతుంది. పెద్ద తేడా కాదనిపిస్తుంది. కానీ రెట్టింపు బరువు నేలను తాకేటప్పుడు వేగం 1.4 రెట్లు ఉంటుంది కాబట్టి దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. ముక్కు పగిలేదీ, మోటారు మౌంటు ఊడేదీ ఆ నాలుగు రెట్ల దగ్గరే. పెద్ద మోటారు ఇందులో దేనినీ తగ్గించదు. పైగా దానికి పెద్ద ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) కావాలి, పెద్ద బ్యాటరీ కావాలి, ఆ బరువంతా మళ్లీ అదే రెక్క మీద పడుతుంది.

ఎండాకాలం సంగతి వేరు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. 40 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి, పుస్తకాల్లో లెక్కలకు తీసుకునే ప్రామాణిక గాలి కంటే సుమారు 14 శాతం పలుచన. స్టాల్ వేగం అదనంగా ఏడెనిమిది శాతం పెరుగుతుంది. జనవరిలో విశాఖ తీరాన హాయిగా దిగిన విమానం మే నెల మధ్యాహ్నం ఇక్కడ బండలా దిగుతోందంటే తప్పు మీ చేతులది కాకపోవచ్చు.

దీనికి తోబుట్టువు లాంటి అపోహ ఒకటుంది: కేవీ ఎక్కువైతే బలం ఎక్కువని. కేవీ అంటే లోడు లేనప్పుడు ఒక్క వోల్టుకు మోటారు నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పే అంకె. అది సైకిల్ గేరు లాంటిది, కాళ్ల బలం కాదు. 2212 సైజు మోటారు 1000 కేవీదైతే మూడు సెల్లుల బ్యాటరీతో 10 అంగుళాల ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. అదే సైజులో 2200 కేవీదైతే 6 అంగుళాల దాన్ని తిప్పాలి. రెండోదానికి 10 అంగుళాలది బిగిస్తే ముందు ఈఎస్‌సీ పొగ వస్తుంది, తర్వాత మోటారు వాసన వస్తుంది. తిరిగే వేగం రెట్టింపైతే ప్రొపెల్లర్ అడిగే శక్తి దాదాపు ఎనిమిది రెట్లవుతుంది మరి. నెమ్మదిగా ఎగిరే శిక్షణ విమానానికి తక్కువ కేవీ, పెద్ద ప్రొపెల్లరే మేలు. విమానం బరువులో సగానికి మించిన థ్రస్ట్ (ముందుకు లాగే బలం) ఉంటే పని జరుగుతుంది.

అపోహ: రెక్క పైభాగం ఉబ్బుగా లేకపోతే లిఫ్ట్ (పైకి లేపే బలం) రాదు

పాఠ్యపుస్తకాల పుణ్యమిది. పైనుంచి వెళ్లే గాలికి దూరం ఎక్కువ, కిందినుంచి వెళ్లే గాలితో ఒకేసారి వెనక అంచు చేరాలి కాబట్టి వేగం పెంచుకుంటుంది, అందుకే పీడనం తగ్గుతుందని బోధిస్తారు. రెండూ ఒకేసారి చేరాలనే నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. నిజానికి పైనుంచి వెళ్లిన గాలి ముందే చేరుతుంది. రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది, ఆ పనిలో పైన పీడనం తగ్గుతుంది, కింద పెరుగుతుంది. చదునైన షీటు కూడా గాలికి కొద్దిగా ఎదురు వంచితే ఈ పని చేస్తుంది. మన విమానాల చిన్న పరిమాణంలో, తక్కువ వేగంలో చదును రెక్కకూ మంచి ఆకారపు రెక్కకూ మధ్య ఉండే తేడా పెద్ద విమానాల్లో ఉన్నంత ఉండదు. విన్యాసాలు చేసే డెప్రాన్ విమానాలు చాలావరకు చదును రెక్కలవే, అవి తలకిందులుగానూ అంతే చక్కగా ఎగురుతాయి.

చదును రెక్కకు అసలు లోపం లిఫ్ట్ కాదు, వంగిపోవడం. అందుకే నాకు మెట్టు రెక్క ఇష్టం. రిచర్డ్ క్లైన్, ఫ్లాయిడ్ ఫోగిల్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లకు 1972లో పేటెంటు దక్కిన ఆకారం ఇది. పైభాగంలో ముందు సగం మీద ఇంకో షీటు అతికిస్తే మెట్టు తయారవుతుంది. అప్పట్లో దీని గురించి చేసిన గొప్పలు పెద్ద విమానాల్లో నిలబడలేదు. ఫోమ్ విమానాల్లో మాత్రం ఇది బంగారం. ఎయిర్‌ఫాయిల్ (రెక్క అడ్డకోత ఆకారం) చెక్కే శ్రమ లేకుండా రెక్కకు మందం వస్తుంది, గట్టిదనం వస్తుంది, స్టాల్ మెత్తగా ఉంటుంది. రెండు షీట్ల మధ్య కార్బన్ కడ్డీ దాచుకోవచ్చు.

అపోహ: తూకం అంటే రెక్క మధ్యలో వేలు పెడితే నిలవడం

మధ్యలో నిలిచే విమానాన్ని ఎగరేయకండి. మామూలు తిన్నని రెక్కకు గురుత్వ కేంద్రం ముందు అంచు నుంచి వెడల్పులో 25 నుంచి 30 శాతం దగ్గర ఉండాలి. 20 సెంటీమీటర్ల రెక్కకైతే 5 నుంచి 6 సెంటీమీటర్లు. తోక లేని ఎగిరే రెక్కకు ఇంకా ముందుకు, సగటు వెడల్పులో 15 నుంచి 20 శాతం మధ్య. ముక్కు బరువున్న విమానం బద్ధకంగా ఎగురుతుంది, తోక బరువున్న విమానం ఒక్కసారే ఎగురుతుందనే మాట ప్రపంచంలోని మోడలర్లందరి నోటా ఉంది.

కొలిచేటప్పుడు బ్యాటరీ లోపల ఉండాలి. ఇది చెప్పాలా అనుకోవచ్చు, చెప్పాలి. కేంద్రానికి అర మీటరు వెనక తోకలో 10 గ్రాములు ఎక్కువైతే, 20 సెంటీమీటర్ల ముందున్న ముక్కులో 25 గ్రాములు పెట్టాలి. అందుకే తోకకు రంగులు, స్టిక్కర్లు, దండిగా జిగురు పూయడం నాకు నచ్చదు. సీసం ముక్కలు అతికించే ముందు బ్యాటరీని ముందుకు జరపండి. అది దాదాపు 180 గ్రాములుంటుంది, మీ దగ్గరున్న అన్నింటికన్నా మంచి తూకపు రాయి అదే.

గైరో (విమానం వంపును పసిగట్టి దానంతట అదే సరిచేసే పరికరం) పెడితే తూకం తప్పినా సర్దుకుంటుందని కొందరి ధీమా. గైరో గాలి కుదుపులను సర్దుతుంది, తప్పుడు తూకాన్ని కాదు. దిశ తిరగబడిన గైరో అయితే విమానాన్ని చేయి వదిలిన క్షణమే పల్టీ కొట్టిస్తుంది.

అపోహ: ఎంత జిగురైతే అంత గట్టి

ముందు ఏ జిగురు అన్నది తేలాలి. ఫెవిక్విక్ లాంటి సయనోఅక్రిలేట్ జిగురు థర్మోకోల్‌నీ డెప్రాన్‌నీ తినేస్తుంది, చూస్తుండగానే గుంట పడుతుంది. ద్రావకం వాసన వచ్చే రబ్బరు జిగుర్లూ అంతే, మామూలు స్ప్రే పెయింట్లూ అంతే. ఫోమ్‌కు పనికొచ్చే సయనోఅక్రిలేట్ వేరుగా అమ్ముతారు. ఈపీపీకి మాత్రం ఈ బాధ లేదు. తెల్ల ఫెవికాల్ ఫోమ్‌కు హాని చేయదు, కానీ రెండు ఫోమ్ ముక్కల మధ్య నీరు ఆవిరయ్యే దారి లేక రోజుల తరబడి తడిగానే ఉంటుంది. ఫోమ్ మీద కాగితం అతికించడానికి అది భేషైనది. హాట్ గ్లూ త్వరగా పడుతుంది, కానీ బరువు. పైగా ఎండలో ఆపిన కారులో మెత్తబడుతుంది. ఎపాక్సీని మోటారు మౌంటు దగ్గర మాత్రమే వాడతాను.

గట్టిదనం జిగురులో కాదు, రెక్క పైన, కింద చర్మంలో ఉంటుంది. రెక్క పైకి వంగినప్పుడు కింది ముఖం సాగుతుంది, పై ముఖం నలుగుతుంది, మధ్యలోని ఫోమ్ ఆ రెంటినీ దూరంగా పట్టి ఉంచడం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు. అందుకే కింది ముఖం మీద పొడవునా అంటించిన గాజు దారాల టేపు, లోపల పోసిన లావు జిగురు కంటే ఎక్కువ పని చేస్తుంది. కార్బన్ దొరక్కపోతే వెదురు బద్ద మంచిదే.

వేడి తీగతో కోసేవారికి ఒక హెచ్చరిక: థర్మోకోల్ పొగను పీల్చకండి, కిటికీ తెరవండి. సన్‌బోర్డును మాత్రం వేడి తీగతో అసలు ముట్టుకోకండి. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది.

అపోహ: బ్యాటరీ పూర్తిగా ఖాళీ చేసి ఛార్జ్ చేస్తే ఎక్కువ కాలం వస్తుంది

అది పాత నికెల్-కాడ్మియం కాలపు సలహా. ఇప్పుడు వాడే లైపో (లిథియం పాలిమర్) సెల్లు పూర్తిగా నిండితే 4.2 వోల్టులు, 3.3 కంటే దిగనివ్వకూడదు. వారం పాటు ఎగరేయకపోతే 3.8 దగ్గర ఉంచండి, నిండుగా కాదు. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్క ఫ్లైటుకు వాడదామనుకోకండి. ఛార్జింగ్ పెట్టి నిద్రపోకండి.

అపోహ: బొమ్మే కదా

10 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 8,500 సార్లు తిరిగితే దాని కొన గంటకు 400 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. రిమోట్ సెట్టింగులు చూసుకునేటప్పుడు దాన్ని విప్పి పక్కన పెట్టడం ఇంట్లో అందరి వేళ్లకూ క్షేమం. కరెంటు తీగకు తగులుకున్న విమానాన్ని కర్రతో లాగడానికి ఎంత పెద్ద కారణమైనా సరిపోదు, ఆ విమానం పోయిందనుకోండి.

చట్టం డ్రోన్లకే అనేది మరో పొరపాటు. 2021 డ్రోన్ నిబంధనలు 25 కిలోల లోపు ఉండి, చదువుకు, పరిశోధనకు, వినోదానికి కంటిచూపు పరిధిలో ఎగరేసే మోడల్ విమానాలను వేరుగా నిర్వచించాయి. వాటికి టైప్ సర్టిఫికెట్ (ఆ నమూనాకు అధికారిక ఆమోదం) అక్కర్లేదన్నాయి. కానీ ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపుగా విడదీసే మండలాలు వీటికీ వర్తిస్తాయి. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల వరకే, విమానాశ్రయం ప్రహరీ నుంచి 12 కిలోమీటర్ల లోపైతే నియమాలు ఇంకా కఠినం. ప్రభుత్వ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాపులో మీ మైదానం ఏ రంగులో ఉందో చూసుకున్నాకే కారు తీయండి.

అపోహ: చేతితో వదిలేటప్పుడు పైకి విసరాలి

పైకి విసిరితే విమానం రెండు సెకన్లు ఎక్కి, వేగం పోయి, రెక్క వాల్చి పడుతుంది. గాలికి ఎదురుగా, దాదాపు సమాంతరంగా, ముక్కును వేలెడంత పైకి పెట్టి ఈటెలా తిన్నగా వదలాలి. వేగం వచ్చాకే ఎత్తు. వీలైతే విసిరే మనిషి ఒకరు, రిమోట్ పట్టుకున్న మనిషి ఇంకొకరు ఉండాలి. ఎందుకంటే మొదటిసారి ఎగిరే విమానం ఏ పక్కకు లాగుతుందో మొదటి రెండు సెకన్లలోనే తెలుస్తుంది, అప్పటికి రెండు బొటనవేళ్లూ స్టిక్కుల మీదే ఉండాలి. తెల్లవారుజామున, గాలి లేచేలోపు, కోసిన వరి చేలో మొదలుపెట్టండి. ఎదురుగా మీ వైపు వస్తున్న విమానానికి కుడి ఎడమలు తారుమారవుతాయి. కంప్యూటర్ సిమ్యులేటర్‌లో ఆ ఒక్కటి బాగా అలవాటు చేసుకుని వస్తే, మొదటి ఉదయం ఇంటికి తెచ్చేది ముక్కలు కాకుండా విమానమయ్యే అవకాశం చాలా ఎక్కువ.