ఆరు తూటాలు అయిపోయాక: పాత పోలీసు బెల్టు మీది తోలు పౌచ్‌ల వెనక కథ

అమెరికాలో 1950లు, 60ల నాటి పోలీసుల ఫొటోలు ఒకసారి చూడండి. నడుముకి వెడల్పాటి నల్ల తోలు బెల్టు, కుడివైపు రివాల్వర్, బెల్టు ముందువైపు ప్రెస్ బటన్ మూతలతో పక్కపక్కనే రెండు చిన్న తోలు పెట్టెలు. వాటి పేరు డంప్ పౌచ్. ఒక్కోదాంట్లో ఆరు తూటాలు పడతాయి కాబట్టి రెండింట్లో పన్నెండు, రివాల్వర్‌లో ఉన్న ఆరూ కలిపితే మొత్తం పద్దెనిమిది. ఇప్పుడు పాత పోలీసు సామాన్లు సేకరించేవాళ్లు వీటిని ముచ్చటపడి కొంటున్నారు. కానీ వీటిని నిజంగా నడుముకి కట్టుకుని తిరిగినవాళ్లలో చాలామందికి వీటి మీద సదభిప్రాయం లేదు, దానికి కారణాలున్నాయి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌లో లోడింగ్ అంటే పెద్ద పని. పక్కనున్న చిన్న తలుపు తెరవాలి, తూటాలు కూర్చునే గుండ్రటి సిలిండర్ తిప్పుకుంటూ ఖాళీ కేసుల్ని, అంటే కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగుల్ని, ఒక్కొక్కటే కడ్డీతో బయటికి నెట్టాలి, మళ్లీ ఒక్కొక్కటే కొత్త తూటా పెట్టాలి. మధ్యకి విరిచినట్టు తెరుచుకునే స్మిత్ అండ్ వెస్సన్, వెబ్లీ రివాల్వర్లు ఖాళీలన్నిటినీ ఒకేసారి బయటికి తోసేవి, అది పెద్ద మెరుగుదలే. 1889లో కోల్ట్, ఆ తర్వాత 1890లలో స్మిత్ అండ్ వెస్సన్, సిలిండర్ పక్కకి తెరుచుకునే రకం తెచ్చాయి. బొటనవేలితో కడ్డీని ఒక్క నొక్కు నొక్కితే ఆరు ఖాళీలూ కింద పడతాయి. అమెరికన్ పోలీసులు తర్వాత ఎనభై తొంభై ఏళ్లు వాడింది దాదాపు ఇదే నమూనా.

అంటే ఖాళీ చేయడం సెకను పని అయింది, నింపడం మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోయింది. తుపాకీ చేసేవాడు తన వంతు పూర్తిచేశాడు, బెల్టు కుట్టేవాడు, ఆ బెల్టు ఎలా ఉండాలో నిర్ణయించే అధికారి మాత్రం చాలా ఏళ్లు అక్కడే ఆగిపోయారు.

మొదట్లో అందరూ వాడింది లూపులు. బెల్టుకి వరసగా తోలు వలయాలు, ఒక్కోదాంట్లో ఒక్కో తూటా. ఎన్ని ఉన్నాయో చూడగానే తెలుస్తుంది, వేళ్లకి తేలిగ్గా దొరుకుతాయి, అన్నీ ఒకే దిక్కుకి ఉంటాయి. ఇబ్బంది ఏంటంటే తోలు పదును పెట్టడానికి వాడే పదార్థాలు తూటా ఇత్తడికి తగిలి చిలుము పట్టిస్తాయి. నెలల తరబడి లూపుల్లోనే ఉంచేసిన తూటాకి చుట్టూ ఆకుపచ్చ పొర పట్టి, అది లూపులోంచి రావడానికే మొరాయిస్తుంది, లాగి సిలిండర్‌లో పెడితే పూర్తిగా దిగదు కూడా. పైగా వాన, దుమ్ము, కారు సీటు రాపిడి అన్నీ నేరుగా తగులుతాయి. ఇక పట్టణాల్లో పోలీసు అధికారికి తన కానిస్టేబుల్ నడుము చుట్టూ తూటాలు మెరుస్తూ కౌబాయ్‌లా కనిపించడం నచ్చేది కాదనుకుంటా. మూత ఉన్న పెట్టె అయితే పరేడ్‌లో నీటుగా ఉంటుంది.

అన్నట్టు ఆ బెల్టుని అమెరికన్ పోలీసులు ఈనాటికీ సామ్ బ్రౌన్ అంటారు. ఆ పేరు మన దేశం నుంచి వెళ్లిందే. ఇక్కడ బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన సామ్ బ్రౌన్ అనే అధికారి 1858లో పోరులో ఎడమ చెయ్యి పోగొట్టుకుని, ఒంటి చేత్తో కత్తి దూయడానికి వీలుగా భుజం మీదుగా అడ్డపట్టీ ఉండే బెల్టు చేయించుకున్నాడు. మన పోలీసు అధికారులు పరేడ్‌లో వేసుకునే అడ్డపట్టీ బెల్టు కూడా దాని వంశమే. ఒంటి చేతివాడి అవసరం కోసం పుట్టిన బెల్టు మీదికి, రెండు చేతులూ స్థిమితంగా ఉంటే తప్ప వాడలేని పౌచ్ వచ్చి చేరిందన్నమాట.

డంప్ పౌచ్ ఎలా పనిచేస్తుందో చెప్తే ఆ మాట ఎందుకన్నానో అర్థమవుతుంది. బటన్ ఊడదీస్తే మూతతో పాటు ముందు భాగం కిందికి వాలుతుంది, లోపలున్న ఆరు తూటాలూ పొట్లంలోంచి పల్లీలు ఒంపుకున్నట్టు అరచేతిలోకి జారతాయి. స్టేషన్‌లో టేబుల్ ముందు నిలబడి చేస్తే హాయిగా ఉంటుంది. అసలు సందర్భంలో చీకటి, పరుగు, చలి, ఎదుటివాడు కాలుస్తున్నాడు, చేతులు వణుకుతున్నాయి. అరచేతిలో పడిన తూటాలు ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగి ఉంటాయి, వాటిని వేళ్లతో సర్దుకుని ఒక్కొక్కటే రంధ్రంలోకి దించాలి, ఈలోగా రెండు మూడు నేల మీద పడకుండా ఉంటే అదృష్టం. ఇక పరిగెత్తేటప్పుడో పెనుగులాటలోనో బటన్ దానంతటదే ఊడితే ఆరూ రోడ్డు పాలు. దీనికి విరుగుడుగా వచ్చిందే రెండు రెండు రెండు పౌచ్. మూత తెరిస్తే లోపల జంటలుగా పట్టుకునే మూడు లూపులు, జంటగా లాగి పక్కపక్క రంధ్రాల్లో ఒకేసారి రెండు పెట్టొచ్చు. నా లెక్కలో తోలు పనివాళ్లు చేసిన వాటిలో బుర్ర పెట్టి చేసింది ఇదే.

అప్పటికి వేరే దారి ఎవరికీ తోచలేదా అంటే, ఎప్పుడో తోచింది. బ్రిటన్‌లో వెబ్లీ రివాల్వర్ కోసం ప్రిడో అనే ఆయన ఆరు తూటాల్నీ గుండ్రంగా పట్టి ఉంచి ఒకేసారి దింపే పరికరానికి 1893లోనే పేటెంట్ తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం 1917 మోడల్ రివాల్వర్లకి అర్ధచంద్రాకారపు రేకు క్లిప్పులు వాడింది, ఒక్కో క్లిప్పుకి మూడు తూటాలు, రెండు క్లిప్పులు పెడితే సిలిండర్ నిండిపోతుంది. సైనికుడికి అవసరమైంది పోలీసుకి అనవసరం అనుకున్నారు. మామూలు పోలీసు ఉద్యోగం మొత్తంలో తుపాకీ కాల్చాల్సి రావడమే అరుదు, కాల్చినా రెండు మూడు తూటాల్లో తేలిపోతుంది, ఇంక రెండో ఆరు ఎందుకు అనేది అప్పటి ధోరణి. సగటు చూసి వేసిన లెక్క అది, సగటులో ఇమడని రాత్రి ఒకటి వచ్చేదాకా నడిచింది.

ఆ రాత్రి 1970 ఏప్రిల్ 5. కాలిఫోర్నియాలో న్యూహాల్ దగ్గర, పెట్రోల్ బంకునీ హోటల్‌నీ ఆనుకుని ఉన్న పార్కింగ్ స్థలం. అర్ధరాత్రి కావస్తుండగా, కారులోంచి ఎవరో తుపాకీ చూపించాడన్న ఫిర్యాదు మీద హైవే ప్యాట్రోల్ (రహదారి గస్తీ పోలీసు) వాళ్లు ఒక కారుని ఆపారు. అందులో ఉన్నది బాబీ డేవిస్, జాక్ ట్వినింగ్ అనే ఇద్దరు పాత నేరస్థులు. కొద్ది నిమిషాల్లో నలుగురు ఆఫీసర్లు చనిపోయారు: వాల్ట్ ఫ్రాగో, రోజర్ గోర్, జార్జ్ ఆలిన్, జేమ్స్ పెన్స్. అందరూ 23, 24 ఏళ్లవాళ్లు, సర్వీసు రెండేళ్లు కూడా నిండలేదు. వాళ్లలో పెన్స్ ఆరు తూటాలూ కాల్చేసి, గాయాలతో కారు చాటున కూర్చుని, డంప్ పౌచ్‌లోంచి తీసిన తూటాలతో రివాల్వర్ నింపుకుంటూ ఉండగా ట్వినింగ్ దగ్గరికొచ్చి కాల్చాడు.

ఈ ఘటన మీద ఒక కథ కూడా పుట్టింది. పెన్స్ జేబులో ఖాళీ కేసులు దొరికాయనీ, ఫైరింగ్ రేంజ్‌లో నేల శుభ్రంగా ఉండాలని ఖాళీలు జేబులో వేసుకునే అలవాటు ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా వదల్లేదనీ దశాబ్దాలపాటు శిక్షణ తరగతుల్లో చెప్పుకున్నారు. అది నిజం కాదు, ఆయన ఖాళీలు నేల మీదే దొరికాయి. రేంజ్‌లో అలాంటి అలవాటు ఉండటం మాత్రం నిజం, అందుకే కథ అంత తేలిగ్గా నమ్మేశారు. నాకు చిరాకు కలిగించేది ఏంటంటే ఈ కట్టుకథ మొత్తం దృష్టిని చనిపోయిన కుర్రాడి అలవాటు మీదికి తిప్పేసింది. ఆయన నడుముకి ఎలాంటి పౌచ్ ఉంది, దాంతో ఎంతసేపు పడుతుంది అన్నది అసలు ప్రశ్న.

కాలిఫోర్నియా హైవే ప్యాట్రోల్ ఆ ప్రశ్న వేసుకుంది, ఆరు తూటాల్నీ గుండ్రంగా పట్టి ఒకేసారి దింపే స్పీడ్‌లోడర్లు వాడకంలోకి తెచ్చిన మొదటి పెద్ద పోలీసు సంస్థల్లో అది ఒకటి. 1970లలో వీటికి మంచి గిరాకీ వచ్చింది. హెచ్‌కెఎస్ రకంలో తూటాల్ని రంధ్రాల్లో దించి పైనున్న మీట తిప్పితే వదులుతుంది, సఫారీల్యాండ్ రకంలో గట్టిగా నొక్కితే చాలు. తిప్పేదా నొక్కేదా అన్న వాదన పాతకాలం పోలీసుల మధ్య ఇంకా తెగలేదు. స్పీడ్‌లోడర్ గుండ్రంగా లావుగా ఉంటుంది కాబట్టి దానికి కొత్త పౌచ్ కావాల్సొచ్చింది. బెల్టు మీద ఉబ్బెత్తుగా ఉండకుండా మూడు తూటాలు బెల్టుకి ఇవతల, మూడు అవతల ఉండేలా కుట్టినవి కూడా వచ్చాయి. రివాల్వర్ పిడి చెక్క లావుగా ఉంటే లోడర్ దానికి తగులుకుని సరిగ్గా కూర్చోదు, అందుకని పిడి చెక్కలకి కూడా ఎడమవైపు కోత పెట్టించుకున్నారు. పోలీసుగా పనిచేసి తోలు సామాన్ల వ్యాపారంలోకొచ్చిన జాన్ బియాంకీ కంపెనీ ఇంకో దారి పట్టి స్పీడ్ స్ట్రిప్ తెచ్చింది: రబ్బరులాంటి పట్టీకి ఆరు తూటాలు వరసగా, జేబులో పడేసుకోవచ్చు, పాత డంప్ పౌచ్‌లోనే పెట్టుకోవచ్చు. స్పీడ్‌లోడర్ అంత వేగం ఉండదు గానీ విడి తూటాలకంటే చాలా నయం.

పరికరం మారగానే చేతి పద్ధతి మీద కూడా వాదన మొదలైంది. ఎక్కువమందికి నేర్పింది ఇది: రివాల్వర్‌ని ఎడమ చేతిలోకి మార్చు, మధ్య వేళ్లు రెండూ చట్రంలోంచి దూర్చి సిలిండర్‌ని పట్టుకో, గొట్టం ఆకాశానికెత్తి బొటనవేలితో కడ్డీ నొక్కు, తర్వాత గొట్టం నేలకి దించి కుడి చేత్తో లోడర్ దించు. గొట్టం పైకెత్తకుండా నొక్కితే ఒక ఖాళీ కేసు ఖాళీల్ని బయటికి తోసే, నక్షత్రం ఆకారంలో ఉండే ఎజెక్టర్ కింద ఇరుక్కుంటుంది, అది తీయడం మామూలు వేళలోనే విసుగు పుట్టిస్తుంది. సమయం లేకపోతే రెండు తూటాలే పెట్టి మూసెయ్ అని కొందరు నేర్పేవారు, కానీ అందులోనూ ఒక తిరకాసు ఉంది. కోల్ట్ సిలిండర్ గడియారం ముల్లు దిక్కుకి తిరుగుతుంది, స్మిత్ అండ్ వెస్సన్‌ది దానికి ఎదురు. ఏ తుపాకీయో గుర్తుపెట్టుకుని సరైన రంధ్రాల్లో పెట్టకపోతే ట్రిగ్గర్ నొక్కినా క్లిక్ మని ఊరుకుంటుంది.

ఇంత జరిగినా పెద్ద నగరాల్లో కొన్ని కదల్లేదు. 1986 జూన్‌లో న్యూయార్క్ క్వీన్స్‌లో స్కాట్ గాడెల్ అనే 22 ఏళ్ల ఆఫీసర్ ఆరు తూటాలూ అయిపోయి, విడి తూటాలు ఒక్కొక్కటే నింపుకుంటూ ఉండగా హతుడయ్యాడు. ఎదుటివాడి చేతిలో 9 ఎంఎం పిస్టల్. న్యూహాల్ జరిగి అప్పటికి పదహారేళ్లు, ఆ తర్వాతే న్యూయార్క్ పోలీసులకి స్పీడ్‌లోడర్లు వచ్చాయి. అదే ఏడాది ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బిఐ కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. అక్కడ జాన్ హాన్లన్ అనే ఏజెంట్‌కి రివాల్వర్ లోడ్ చేసుకుంటుండగానే చేతికి తూటా తగిలింది, గోర్డన్ మెక్‌నీల్ చేతి గాయంతో తన రివాల్వర్‌ని మళ్లీ నింపుకోలేకపోయాడు. స్పీడ్‌లోడర్‌కి కూడా రెండు పనిచేసే చేతులు కావాలని అక్కడ తేలిపోయింది, చర్చ పౌచ్‌లు దాటి, తూటాలన్నీ మ్యాగజైన్‌తో సహా ఒకేసారి మార్చుకునే పిస్టళ్ల మీదికి వెళ్లింది.

జనం కిక్కిరిసిన వీధుల్లో పోలీసు చేతిలో ఎక్కువ తూటాలు ఉంటే ఎక్కువ కాలుస్తాడన్న భయంతో న్యూయార్క్ అందులోనూ వెనకే ఉంది. 1993లో 9 ఎంఎం పిస్టళ్లకి అనుమతి ఇచ్చినా, రివాల్వరే కావాలన్న పాతవాళ్లని అలాగే ఉంచుకోనిచ్చారు. వాళ్లకీ 2018 ఆగస్టుతో గడువు ముగిసింది.