ఆన్‌లైన్‌లో తక్కువకే ఉందని షాపు మీద కేసా? ముందు బిల్లు చూడండి

పండగ సేల్ మొదలైతే చాలు, నాకు ఒకటే రకం ఫోన్లు. "సార్, షాపులో కొన్నాక చూస్తే ఆన్‌లైన్‌లో అదే వస్తువు ఐదొందలు తక్కువ, మోసమే కదా, కేసు వేద్దాం." వినియోగదారుల కమిషన్‌లో కేసులు వాదించే లాయర్‌గా చెబుతున్నాను, అది మోసం కాదు.

ఎమ్మార్పీ దాటి అమ్మకూడదు, అంతే. ఆ లోపల ఎవరి రేటు వాళ్లిష్టం. ఒకే కంపెనీ వెబ్‌సైట్‌లో ఒక ధర, షోరూమ్‌లో ఇంకో ధర పెట్టినా తప్పు కాదు. ఆన్‌లైన్ రేటుకే ఇచ్చి తీరాలని చట్టం చెప్పిందంటూ వచ్చే వాట్సాప్ మెసేజీలు నమ్మి, కౌంటర్ దగ్గర గొడవపడి, పిల్లల ముందు మాట పడి వచ్చినవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. "ఆన్‌లైన్‌లోనూ, మా షోరూముల్లోనూ ఇదే ధర" అని ప్రకటించి ఎక్కువ తీసుకుంటే మాత్రం అది తప్పుదోవ పట్టించే ప్రకటన. తేదీ, షరతులు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి.

అసలు డబ్బు పోయేది వేరేచోట. ఒకమ్మాయి డ్రెస్ ఆన్‌లైన్‌లో రెండొందలు తక్కువని ఏడుపు ముఖంతో వచ్చింది. బిల్లు ఇలా ఇవ్వమ్మా అన్నాను. ఎమ్మార్పీ రూ.2,500, 40 శాతం తగ్గింపు పోను రూ.1,500, దాని కింద జీఎస్టీ రూ.180, మొత్తం రూ.1,680. ఆ నూట ఎనభై తను గమనించనే లేదు! ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన ధర, అందులో తగ్గించి మళ్లీ పన్ను వేస్తే ఎలా? తగ్గించిన ఎమ్మార్పీ మీద పన్ను కలపడం అనుచితమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లోనే, జీఎస్టీకి ముందున్న వ్యాట్ పన్ను రోజుల్లోనే, చెప్పింది. ప్రకటనలో "పన్నులు అదనం" అని వేసుకున్నా చెల్లదు. ఆ అమ్మాయి చేత షాపుకి ఒక లెటర్ రాయించాను, డబ్బు వెనక్కిచ్చారు.

మిగతావి చకచకా చెప్పేస్తాను. మర్నాడు రేటు తగ్గితే తేడా ఇవ్వాలా? షాపు ముందే హామీ ఇస్తే తప్ప అక్కర్లేదు. ఆన్‌లైన్ కంపెనీ మీద కేసుకి బెంగళూరు వెళ్లాలా? 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరుండే ఊళ్లోనో పనిచేసే ఊళ్లోనో వేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు, వస్తువుకి కట్టింది రూ.5 లక్షల లోపైతే ఫీజూ లేదు, గడువు రెండేళ్లు. టెన్షన్ పడకుండా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, చాలావరకు అక్కడే తేలిపోతాయి.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. "ఆన్‌లైన్ రేటుకే ఇస్తాం, కాకపోతే బిల్లు ఉండదు" అంటే ఒప్పుకోవద్దు. బిల్లు ఇవ్వకపోవడమే చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. పైగా ఫ్రిజ్ మూడో నెలలో ఆగిపోతే వారంటీకి ఏం చూపిస్తారు? ఆ షాపులోనే కొన్నారని కమిషన్ ముందు ఎలా నిరూపిస్తారు?