తీర్పు రాని విచారణ: దోషీ కాదు, నిర్దోషీ కాదు

అమెరికా కోర్టు వార్తల్లో అప్పుడప్పుడూ ‘మిస్‌ట్రయల్’ అని కనిపిస్తుంది. చాలామంది కేసు కొట్టేశారనే అనుకుంటారు. అది నిజం కాదు. తీర్పు చెప్పడానికి ఎంచుకున్న సామాన్య పౌరుల బృందమే జ్యూరీ; అందులోని 12 మంది ఎంత చర్చించుకున్నా ఒక్క మాట మీదికి రాకపోతే జడ్జి వాళ్లను ఇంటికి పంపేస్తారు. అభియోగాలు మాత్రం అలాగే ఉంటాయి. ప్రాసిక్యూషన్ కావాలనుకుంటే కొత్త జ్యూరీతో మళ్లీ మొదటికి రావచ్చు.

పాతకాలపు ఇంగ్లండ్‌లో జ్యూరీ ఇలా చేతులెత్తేయడం అంత తేలిక కాదు. అందరూ ఒప్పుకునేదాకా తిండి, నీళ్లు, చలిమంట, దీపం ఏమీ ఇవ్వకుండా కూర్చోబెట్టేవారు. అప్పటికీ తేలకపోతే, ఊరూరా తిరిగే జడ్జిలు వాళ్లను బండెక్కించి వెంట తీసుకుపోవచ్చని 18వ శతాబ్దపు న్యాయపండితుడు బ్లాక్‌స్టోన్ రాశాడు. కడుపు కాలినవాళ్ల ఏకాభిప్రాయం ఎలాంటిదో వేరే చెప్పాలా!

అమెరికాలో ఇప్పటి పద్ధతికి మూలం 1824 నాటి పెరెజ్ కేసు. ఒకే నేరానికి ఒకరిని రెండుసార్లు బోనెక్కించకూడదని రాజ్యాంగం అంటోంది కదా, జ్యూరీ తేల్చలేకపోతే ముద్దాయిని వదిలేయాల్సిందేనా? అక్కర్లేదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. తప్పనిసరై జ్యూరీని పంపేస్తే మళ్లీ విచారించవచ్చంది. అలా ఎన్నిసార్లన్న లెక్క మాత్రం పెట్టలేదు.

ఆ లెక్క లేకపోవడం ఎంత దూరం వెళ్తుందో కర్టిస్ ఫ్లవర్స్ కేసులో చూడొచ్చు. 1996లో మిసిసిపి రాష్ట్రంలోని వినోనాలో, ఒక ఫర్నిచర్ షాపులో నలుగురు హత్యకు గురయ్యారు. ఆ నేరం మీద నల్లజాతీయుడైన ఫ్లవర్స్‌ను ఆరుసార్లు విచారించారు. ప్రాసిక్యూటర్ ఆరుసార్లూ ఒకరే. మొదటి మూడుసార్లు మరణశిక్ష పడింది, మూడూ పై కోర్టులో నిలవలేదు. 2007లో, 2008లో జ్యూరీ ఎటూ తేల్చలేదు. 2010లో మళ్లీ మరణశిక్ష. ఆ ఆరో విచారణకు జ్యూరీని ఎంచుకున్న తీరు చూడండి: తీసేసిన ఐదుగురు నల్లజాతీయులను మొత్తం 145 ప్రశ్నలడిగారు, కూర్చోబెట్టిన 11 మంది తెల్లవారికి కలిపి 12. ఈ జాతివివక్షను తప్పుబట్టి 2019లో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఆ శిక్షనూ రద్దు చేసింది.

మన దేశంలో 1959లో, హత్యారోపణ ఎదుర్కొన్న నేవీ అధికారి నానావతిని నిర్దోషి అన్న జ్యూరీ మీద గట్టి విమర్శలొచ్చాయి. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. తీర్పు చెప్పేది ఒక్క జడ్జే కాబట్టి ఈ పీటముడి పడదు. విచారణ మధ్యలో ముద్దాయి చనిపోతే మాత్రం అతని మీద కేసు అక్కడితో ఆగిపోతుంది, నేరం చేశాడో లేదో కోర్టు తేల్చదు.

ఫ్లవర్స్‌ను నిర్దోషి అని ఏ జ్యూరీ అనలేదు. ఏడోసారి విచారణ వద్దనుకుని 2020 సెప్టెంబర్‌లో రాష్ట్రమే అభియోగాలు వెనక్కి తీసుకుంది. అప్పటికి ఆయన దాదాపు 23 ఏళ్లు జైల్లో గడిపాడు. మరుసటి ఏడాది కోర్టు 5 లక్షల డాలర్ల పరిహారానికి ఆదేశించింది, అదీ ఏడాదికి 50 వేల చొప్పున.