పళ్ల డాక్టరుకి బొటాక్స్‌తో ఏం పని?

చిరంజీవులు హర్షకూ మేఘనకూ,

పళ్ల ఆస్పత్రి బోర్డు మీద బొటాక్స్ అని రాసుందట, ముడతల మందుకీ పళ్లకీ సంబంధం ఏంటి తాతయ్యా అని అడిగారు. సంబంధం పళ్లతో కాదు, కండరాలతో.

చెవి కిందుగా దవడ మూల మీద రెండు వేళ్లు ఆనించి పళ్లు గట్టిగా బిగించండి. వేళ్ల కింద ఉబ్బిందే, అది నమిలే కండరం, మాసెటర్. నిద్రలో పళ్లు కొరికేవాళ్లకి అది లావెక్కుతుంది, పళ్లు అరుగుతాయి, తెల్లారి లేస్తే దవడ పట్టేసి ఉంటుంది. అందులోకి బొటులినమ్ విషాన్ని, అంటే బొటాక్స్‌ని, అతి తక్కువ మోతాదులో ఎక్కిస్తే, నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల ఆగుతుంది. బిగుసుకోమన్న కబురే కండరానికి అందదు. కొద్ది రోజుల్లో పట్టు సడలుతుంది. మూడు నాలుగు నెలలకి మళ్లీ మామూలే.

అవును, విషమే. 1895లో బెల్జియంలో అంత్యక్రియలకు వాయించడానికొచ్చిన బ్యాండువాళ్లు పంది మాంసం తిని జబ్బుపడితే, ముగ్గురు పోయారు. దానికి కారణమైన, ఈ విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియాని వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త పట్టుకున్నాడు. 1989లో అమెరికా అదే విషాన్ని మెల్లకన్నుకి మందుగా ఒప్పుకుంది. పళ్లు కొరకడానికి మాత్రం అక్కడ ఆ ఆమోదం లేదు, డాక్టర్లు తమ విచక్షణ మీద వాడతారు.

అందుకే మా డెంటిస్టుల్లో ఒక్కమాట లేదు. రోజూ నోట్లో మత్తు సూది వేసేది మేమే, ముఖంలో ఏ నరం ఎటు పోతుందో మాకు తెలిసినంత ఎవరికి తెలుసు అంటారు కొందరు. అబద్ధమేం కాదు. కానీ మత్తు సూది కాస్త అటూ ఇటూ అయినా సాధారణంగా కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. ఇది పక్క కండరంలోకి పాకితే నవ్వు వంకరపోయి వారాల తరబడి అలాగే ఉంటుంది. వెనకాడేవాళ్ల భయం అదే. పైగా కొరికే బలం తగ్గుతుందే గానీ కొరకడానికి కారణం పోదు. నేనూ వాళ్ల వైపే. రెండు రోజుల కోర్సు చేసి సర్టిఫికెట్ గోడకి తగిలించేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

నవ్వితే చిగుళ్లు కనిపిస్తున్నాయని కూడా వేయించుకుంటున్నారు. మేఘనా, నీకా ఆలోచన వద్దు. ఇంగ్లండ్‌లో 2021 అక్టోబరు నుంచి డాక్టరు ఒప్పుకుంటే తప్ప, 18 ఏళ్లలోపు వాళ్లకి అందం కోసం ఈ ఇంజెక్షన్ వేయడం నేరం.

హర్షా, నువ్వు నిద్రలో పళ్లు కొరుకుతున్నావని మీ అమ్మ చెప్పింది. పిల్లల్లో చాలామందికి పెద్దయ్యేకొద్దీ అదే తగ్గిపోతుంది. లేవగానే దవడ నొప్పిగా ఉంటోందేమో వారం రోజులు చూసి నాకు రాయి.

మీ తాతయ్య