పచ్చసొన పిల్ల కాదు: పిండ కణాలపై అపోహలు, వాస్తవాలు

అపోహ: కోడిగుడ్డులోని పచ్చసొనే పిల్లగా మారుతుంది.

వాస్తవం: పిండశాస్త్ర ప్రయోగశాలలో పనిచేసే మాకు చాలా తరచుగా వినిపించే మాట ఇది. పచ్చసొన పిల్లకు ఆహారం మాత్రమే. ఫలదీకరణ చెందిన గుడ్డును పగలగొట్టి చూస్తే సొన మీద కొద్ది మిల్లీమీటర్ల వెడల్పున తెల్లని బిళ్ల ఒకటి కనిపిస్తుంది. పిల్ల రూపొందేది దాని నుంచే. కణ విభజన తల్లి కడుపులోనే మొదలవుతుంది కనుక, గుడ్డు పెట్టేనాటికే ఆ బిళ్లలో వేలాది కణాలుంటాయి. సుమారు 38 డిగ్రీల వెచ్చదనంలో పొదిగించి, మూడో రోజున పెంకుకు చిన్న కిటికీ కోసి చూస్తే, సొన మీద పరుచుకున్న రక్తనాళాల నడుమ గుండె ఎర్రని చుక్కలా కొట్టుకుంటూ ఉంటుంది. (అంగట్లో కొన్న ఫారం గుడ్లలో దీనికోసం వెదకకండి, అవి సాధారణంగా పుంజులు లేని చోట పెట్టినవి.)

అపోహ: కణాలు విభజన చెందుతున్నాయంటే పిండం పెరుగుతున్నట్లే.

వాస్తవం: తొలి దశలో అలా జరగదు. జెనోపస్ కప్ప గుడ్డు సుమారు అరగంటకొకసారి చీలుతూ వేల కణాలవుతున్నా దాని పరిమాణం మారదు. కణాలే చిన్నవవుతూ పోతాయి.

అపోహ: నాడీ కణంలో నాడికి కావలసిన జన్యువులే మిగులుతాయి.

వాస్తవం: పాఠాలు చదివినవారు కూడా ఇక్కడ పొరబడతారు. బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ గర్డన్ తోకకప్ప (కప్ప పిల్ల) పేగు కణం నుంచి జన్యువులుండే కేంద్రకాన్ని తీసి, సొంత కేంద్రకాన్ని నాశనం చేసిన గుడ్డులో ప్రవేశపెట్టారు. చాలా గుడ్లు మధ్యలోనే చెడిపోయినా, కొన్నింటి నుంచి ఈదే తోకకప్పలు వచ్చాయని 1962లో ప్రచురించారు. అంటే పేగు కణంలో కన్నుకు, కండరానికి కావలసిన జన్యువులు కూడా భద్రంగానే ఉన్నాయి. అవి అక్కడ పనిచేయడం లేదంతే. మినహాయింపులు లేకపోలేదు: క్షీరదాల ఎర్ర రక్తకణాలు పరిపక్వమయ్యే క్రమంలో కేంద్రకాన్నే వదిలేస్తాయి.

అపోహ: పిండంలో కణాలు చనిపోతే ఏదో లోపమున్నట్లే.

వాస్తవం: కోడి కాలివేళ్లు విడివిడిగా ఉండటానికి కారణం వాటి నడుమనున్న కణాలు నిర్ణీత సమయంలో చనిపోవడమే. బాతు పిండంలో ఆ మరణ సంకేతాన్ని గ్రెమ్లిన్ అనే ప్రొటీన్ అడ్డుకోవడంతో వేళ్ల మధ్య తోలు నిలుస్తుంది. అదే ప్రొటీన్‌లో నానబెట్టిన చిన్న పూసను కోడి పిండం వేళ్ల నడుమ ఉంచితే, అక్కడ కూడా తోలు మిగిలిపోతుంది.