రక్తంలో నేరం ఉందన్న చట్టం: స్టువర్టుపురం వెనక కథ

‘దొంగతనం వాళ్ళ రక్తంలోనే ఉంది’ అనే మాట ఎరుకల కుటుంబాల గురించి ఇప్పటికీ వినపడుతుంది. ఆ నమ్మకానికి చట్టం రూపం ఇచ్చింది బ్రిటిష్ ప్రభుత్వం, 1871లో. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగే అవుతాడన్నది, కొన్ని తెగలను మొత్తంగా నేరస్తులుగా లెక్కకట్టిన ఆ నేరస్థ తెగల చట్టం తెచ్చినవాళ్ళ వాదన. పుట్టుకతోనే నేరస్తులుంటారని ఇటలీలో నేరశాస్త్రవేత్త లొంబ్రోసో పుస్తకం రాసింది ఆ తర్వాత, 1876లో. అంటే జీవశాస్త్రం పేరు చెప్పుకోకముందే ఇక్కడ కులం ఆ పని చేసిపెట్టింది.

1911లో చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. అంతకు ముందు ఎరుకలవాళ్ళు ఏం చేసేవారు? గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్ళకు చేరవేసేవారు, తిరుగు దారిలో ధాన్యం తెచ్చేవారు. ఉప్పు మీద సర్కారు పన్ను, గుత్తాధికారం పడ్డాయి. రైలు వచ్చి సరుకు లాక్కుపోయింది. బతుకుతెరువు పోయినవాళ్ళ తిరుగుడే పోలీసుల కంటికి నేరంగా కనపడింది. ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే.

ఇలాంటి తెగలవాళ్ళను నిఘాలో ఉంచడానికి బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్‌మెంటుకు మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు, అదే స్టువర్టుపురం. అక్కడ రోజూ హాజరు వేయించుకోవాలి, వేలిముద్రలివ్వాలి, పాసు లేకుండా ఊరు దాటకూడదు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు ఇక్కణ్ణుంచే వెళ్ళేవారు. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి వేరుచేసి పెంచే వీలు 1897 సవరణతోనే వచ్చింది. రక్తమే కారణమైతే పెంపకం మారిస్తే ఏమొస్తుంది? ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

శాస్త్రం ఈ చిక్కును చాలా ఆలస్యంగా పట్టుకుంది. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 1,037 మందిని పసితనం నుంచి గమనిస్తూ వచ్చిన పరిశోధకులు 2002లో ఒక ఫలితం ప్రకటించారు. మెదడులోని కొన్ని రసాయనాలను విడగొట్టే ఎంజైమును తయారుచేసే ఎంఏఓఏ జన్యువు తక్కువగా పనిచేసే మగపిల్లల్లో హింసా స్వభావం ఎక్కువగా కనిపించింది చిన్నప్పుడు హింసకు గురైనవాళ్ళలోనే. అదే జన్యువున్నా ఆదరణలో పెరిగినవాళ్ళలో ఆ తేడా లేదు. తర్వాతి పరిశోధనలన్నీ దీన్ని ఒకే తీరుగా సమర్థించలేదు. అయినా జన్యువును పెంపకం నుంచి విడదీసి చూడలేమన్న మాట మాత్రం గట్టిపడింది.

మద్రాసులో నేరస్థ తెగల చట్టం 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. ముద్ర పోలేదు, 1948లోనే మద్రాసు అలవాటు నేరస్తుల చట్టం తెచ్చుకుంది. స్టువర్టుపురంలో 1970ల్లో హేమలతా లవణం, లవణం దంపతులు సంస్కరణ పనికి దిగారు. జైలు నిబంధనల్లో కులాన్ని చూసి పని అప్పజెప్పే, ఆ పాత చట్టం ముద్ర నుంచి బయటపడ్డ విముక్త తెగలను అలవాటు నేరస్తులుగా లెక్కించే రాతలను తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది 2024 అక్టోబరులో.