లీకు టవర్ క్లాంపుది కాదు: పాత కార్లలో హోస్ క్లాంపుల గొడవ ఎక్కడ మొదలైంది

అరవైల నాటి కార్వెట్‌నో మస్టాంగ్‌నో ముక్కముక్కలుగా విప్పి మళ్లీ నిలబెట్టే అమెరికా వాళ్ల మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. బోల్టు తల మీద గుర్తు దగ్గర్నుంచి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ గీసిన సుద్దగీత దాకా అన్నీ అప్పట్లో ఉన్నట్టే పెడతారు, తీరా కూలెంట్ పోసి ఇంజన్ స్టార్ట్ చేస్తే హీటర్‌కి వేడినీళ్లు మోసే రబ్బరు గొట్టం (హోసు) చివర చుక్క వేలాడుతుంది. వెంటనే తిట్లన్నీ హోసును పైపుకి బిగించి పట్టే ఆ పాతకాలం పట్టీకే, అంటే టవర్ క్లాంపుకే పడతాయి. నన్నడిగితే దాని తప్పు చాలా తక్కువ.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఫోర్డ్ మోడల్ టీ (1908-1927)లో మొదట వచ్చిన సుమారు 2500 బళ్లను వదిలేస్తే అసలు వాటర్ పంపే లేదు. వేడెక్కిన నీళ్లు పైకి, చల్లబడ్డవి కిందికి, అంతే. లోపల ప్రెజర్ కూడా లేదు కాబట్టి ఒక రేకు పట్టీ, దానికి ఒక స్క్రూ, నట్టు ఉంటే హోసు నిలిచేది. ఈలోగా బ్రిటన్‌లో నేవీ ఆఫీసరుగా పనిచేసిన లమ్లీ రాబిన్సన్ 1921లో జూబ్లీ క్లిప్‌కి పేటెంట్ తీసుకున్నాడు. పట్టీ మీద గాడులు, వాటిలో తిరిగే స్క్రూ, తిప్పేకొద్దీ పట్టీ చుట్టూ ఒకే తీరున బిగుసుకుంటుంది. మన దగ్గర బోరు మోటారు పైపుకు వేసే మామూలు హోస్ క్లిప్ కూడా ఈ జాతిదే.

మరి ఇంత మంచిది 1921 నుంచే ఉంటే, నలభై ఏళ్ల తర్వాత కూడా డెట్రాయిట్ కార్ల కంపెనీలు వేరేవి ఎందుకు వాడాయంటే, అసెంబ్లీ లైన్‌లో క్లాంపును చూసే లెక్క వేరు. అక్కడ పైసా పైసా లెక్కే, సెకను సెకను లెక్కే. క్రైస్లర్ కార్లలో బాగా కనిపించే కార్బిన్ క్లాంపు ఒక స్ప్రింగు తీగ చుట్ట, ప్లయర్‌తో నొక్కి హోసు మీదికి జరిపి వదిలేస్తే పని అయిపోయినట్టే. షికాగోలోని విటెక్ కంపెనీ చేసిన టవర్ క్లాంపు జనరల్ మోటార్స్, ఫోర్డ్ బళ్లలో ఎక్కువ. పట్టీ మీద గోపురంలా నిటారుగా లేచిన భాగం, అందులోంచి అడ్డంగా పోయే పొడవాటి స్క్రూ, అందుకే ఆ పేరు. అరవైల కార్వెట్లలో కొన్నింటికి ఒకే ఇంజన్ మీద రెండు రకాలూ ఉంటాయి, రేడియేటర్ హోసులకు గాడుల స్క్రూది, సన్నటి హీటర్ హోసులకు టవరు. అంటే ఫ్యాక్టరీకి రెండింటి సంగతీ తెలుసు, తెలిసే ఎక్కడ ఏది చాలో అక్కడ అది వేసింది.

చాలింది కూడా. కానీ ఏ పరిస్థితుల్లో? కొత్త మెత్తటి రబ్బరు హోసు, తుప్పు అంటని పైపు మూతి, ఆ హోసు మందానికి సరిగ్గా సరిపోయే సైజు క్లాంపు. అప్పటికే రేడియేటర్ మూతలు చదరపు అంగుళానికి 13 నుంచి 15 పౌండ్ల ప్రెజర్‌కి వచ్చేశాయి (15 పౌండ్ల దగ్గర నీళ్లు దాదాపు 121 డిగ్రీల సెల్సియస్ దాకా మరగవు), అయినా తట్టుకున్నాయి. కొన్నేళ్లకు హోసు మారుస్తారు, అప్పుడు గ్యారేజీవాడు పాత క్లాంపు తీసి పారేసి తన డబ్బాలో ఉన్న గాడుల క్లిప్ వేస్తాడు. అసలు క్లాంపులు అరుదైపోయింది అలాగే, ఎవరూ కుట్ర చేయలేదు.

తర్వాత వాటికి విలువ తెచ్చింది పోటీలు. కార్వెట్ల పునరుద్ధరణకు 1974లో పుట్టిన ఎన్‌సీఆర్‌ఎస్ (నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ) సంఘంలో జడ్జీలు, ఆ కారు ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు మామూలుగా ఎలా ఉండేదో దానితో పోల్చి మార్కులు వేస్తారు. క్లాంపు రకం, పట్టీ మీద కంపెనీ ముద్ర, స్క్రూ తల ఎటు తిరిగి ఉందో కూడా చూస్తారు. దాంతో తయారీ కాలం తెలిపే అంకెలు కొట్టిన నకలు క్లాంపులు కూడా మార్కెట్లోకి వచ్చేశాయి. క్లాంపు అయితే తిరిగి వచ్చింది గానీ దానికి తోడుగా ఉండాల్సిన మిగతావి రాలేదు, అసలు టెన్షన్ అంతా ఇక్కడే.

ఇప్పుడు చేసే నకలు హోసుల మీద అక్షరాలు అచ్చుగుద్దినట్టు ఉంటాయి, గోడ మందం మాత్రం అప్పటిదే అని గ్యారంటీ లేదు. టవర్ క్లాంపు బిగుసుకునే పరిధి చాలా తక్కువ. హోసు కాస్త సన్నమైతే రెండు చివర్లూ కలిసిపోయి స్క్రూ ఆగిపోతుంది, చేతికి మాత్రం గట్టిగా బిగిసినట్టే ఉంటుంది. లావైతే గోపురం కింద సందు మిగిలి, అక్కడ రబ్బరు మీద ఒత్తిడే ఉండదు, పట్టీ గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో కూర్చుంటుంది. ఆ సందు కిందే పైపు మూతి మీద తుప్పు గుంట ఉందనుకోండి, ఇక చెప్పేదేముంది. చాలామంది ఆ మూతి మీద మందంగా పెయింటు కూడా కొడతారు, అది కొన్నాళ్లకు పొరలు పొరలుగా లేస్తే కూలెంట్ దానికిందే దారి చేసుకుంటుంది.

ఇంకో చిక్కు చలికాలంలో. బండి వేడిగా ఉన్నప్పుడు చుక్క పడదు, రాత్రి షెడ్డులో చల్లారాక తెల్లారి చూస్తే హోసు కింద తడి, లేదంటే క్లాంపు అంచున ఆకుపచ్చగా ఎండిన పెచ్చు. చల్లబడితే రబ్బరు ఉక్కు కంటే బాగా ఎక్కువ ముడుచుకుంటుంది, పైగా ఏళ్ల తరబడి నొక్కిపెట్టిన రబ్బరు మళ్లీ ఉబ్బే గుణం పోగొట్టుకుంటుంది. స్క్రూ క్లాంపు ఎక్కడ బిగిస్తే అక్కడే ఉంటుంది, దాని వెంట లోపలికి రాదు. స్ప్రింగు క్లాంపు వస్తుంది. అందరూ చీప్ అని తీసిపారేసిన ఆ స్ప్రింగు సూత్రాన్నే వెడల్పు పట్టీ రూపంలో ఈనాటి కార్ల కంపెనీలు మళ్లీ వాడుతున్నాయి, మీ బానెట్ ఎత్తి చూడండి.

కాబట్టి పని క్లాంపు దగ్గర కాదు, దానికంటే ముందు మొదలవ్వాలి. పైపు మూతిని మెరిసే లోహం దాకా గీకి, గుంటలుంటే ఇత్తడికి టంకం, పోత ఇనుముకి ఎపాక్సీ పెట్టి నునుపు చేయాలి. హోసు కొనగానే ఎక్కించకుండా బయటి కొలత తీసి దానికి తగ్గ సైజు క్లాంపే తేవాలి. క్లాంపు కూర్చోవాల్సింది మూతి చివర ఉబ్బెత్తు అంచుకి వెనక, దాని మీద కాదు. గట్టిపడని సీలెంట్ పల్చగా రాస్తే తప్పేం లేదు, బయటికి కనబడదు. బిగించి, ఇంజన్‌ను ఒకసారి పూర్తిగా వేడిచేసి, చల్లారాక మళ్లీ పావు మలుపు. సిలికాన్ హోసు జోలికి మాత్రం వెళ్లొద్దు, ఆ మెత్తదనానికి సన్నటి పట్టీ దిగబడి కోసేస్తుంది.

రోజూ నడపడానికి గాడుల క్లిప్, షోకి ముందు రోజు టవరు, ఇలా మార్చి మార్చి వేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లకే లీకులు ఎక్కువ. వెడల్పు పట్టీ నెలల తరబడి నొక్కిన చోట రబ్బరులో పళ్లెంలా లోతు పడిపోతుంది, దాని మీద సన్నటి టవర్ పట్టీ సగం లోతులో, సగం గట్టు మీద కూర్చుంటుంది. మార్చక తప్పదంటే క్లాంపుతో పాటు హోసు కూడా మార్చాల్సిందే.